మార్బుల్ గోడా ఉండాలి, పాటా బాగుండాలి: నార్సింగి హాలు గురించి అడిగినవారికి

మీరు రాసినదాన్ని బట్టి సంగతి ఇదీ. హైదరాబాదు నార్సింగిలో కొత్త ఫ్లాటు. హాలు 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. నేలంతా పెద్ద విట్రిఫైడ్ టైల్స్. టీవీ 12 అడుగుల గోడ మీద. ఆ గోడకు ఇటాలియన్ మార్బుల్, దానికి అటూ ఇటూ ఫ్లూటెడ్ ప్యానెళ్లు (నిలువు గాళ్లున్న పలకలు) అని మీ డిజైనర్ గీశారు. టీవీకి ఎదురుగా కూర్చుంటే కుడివైపు బాల్కనీ స్లైడింగ్ అద్దం, ఎడమవైపు డైనింగ్‌లోకి 8 అడుగుల ఖాళీ, వెనక గోడలో పూజగది తలుపు. ఇంటీరియర్ పని మొదలుకాకముందే స్పీకర్లు వచ్చేశాయి. షోరూములో అంత బాగా పలికినవి ఇక్కడ బేస్ (లోతైన కింది స్వరాలు) గుమ్ముమంటూ, గొంతులు చెవిలో గుచ్చుకుంటూ వినిపిస్తున్నాయి. హాల్లో స్పాంజి ముక్కలు అతికిస్తే ఒప్పుకోనని మీ శ్రీమతి గారు, ఈశాన్యం మూలలో బరువులేవీ పెట్టొద్దని మీ అమ్మగారు అన్నారు. అందం, శబ్దం రెండిట్లో ఒకటి వదులుకోక తప్పదా అని మీ ప్రశ్న.

తప్పదని నేను అనను. ఇళ్లలో ఆడియో గదులు సర్దే పనిలో చాలాకాలంగా ఉన్నాను. ఈ తగువు వచ్చిన ప్రతి ఇంట్లోనూ చూసింది ఒకటే: కంటికి కావలసింది పైపొర, చెవికి కావలసింది ఆ పొర వెనకాల ఉన్న మందం. డిజైనర్ ఆలోచించేది పైపొర గురించి. ఆడియో దుకాణం వాళ్లు అమ్మేది కూడా పైన అతికించే వస్తువే. వెనక నాలుగు నుంచి ఎనిమిది అంగుళాల లోతు ఎక్కడ దొరుకుతుందో ముందుగా ఎవరూ అడగరు. ఆ లోతును డ్రాయింగులోనే దాచిపెట్టగలిగితే పైన మీ ఇంట్లోవాళ్లకు నచ్చిన రంగు, నచ్చిన గుడ్డ వేసుకోవచ్చు. మీ పని ఇంకా కాగితం మీదే ఉంది కాబట్టి ఇప్పుడే అడగడం చాలా మంచిదైంది.

ముందు మీ గదిలో ఏం జరుగుతోందో చెబుతాను. గొంతులు గుచ్చుకోవడానికి కారణం గదిలో శబ్దాన్ని పీల్చుకునేది ఏమీ లేకపోవడం. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస గదిలో మాటలు అర్థం కావడం లేదని వాలెస్ సబైన్ అనే యువ అధ్యాపకుణ్ని సరిచేయమన్నారు. ఆయన రాత్రిళ్లు పక్క థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలు వేస్తే మోత ఎంత తగ్గుతుందో కొలిచి ఒక సూత్రం కట్టారు. ఈనాటికీ మొదటి అంచనాకు అదే ఆధారం. మీ హాలు 2,400 ఘనపుటడుగులు. గోడలు, నేల, పైకప్పు కలిపి 1,120 చదరపుటడుగులు. డైనింగ్ ఖాళీని లెక్కలోకి తీసుకోకుండా, అన్నీ గట్టి ఉపరితలాలే కాబట్టి సగటున తమ మీద పడ్డ శబ్దంలో 5 శాతమే పీల్చుకుంటాయనుకుంటే, శబ్దం పూర్తిగా అణగడానికి సుమారు 2 సెకన్లు పడుతుంది. పాట వినే గదికి 0.3 నుంచి 0.5 సెకన్లు ఉండాలి. 0.4 కావాలంటే 294 చదరపుటడుగుల తెరిచిన కిటికీ ఎంత శబ్దాన్ని మింగుతుందో అంత మింగే సరుకు గదిలో మొత్తం మీద ఉండాలి. డైనింగ్ వైపు ఖాళీ అందులో కొంత వాటా ఇప్పటికే మోస్తోంది. సోఫా, తివాచీ, కర్టెన్లు, మనుషులు ఇంకొంత మోస్తారు. మిగతాది మనం చేర్చాలి. ఎంత చేర్చాలో అంతే చేర్చాలి, అతిగా చేరిస్తే గది గొంతు నొక్కేసినట్టు అయిపోతుంది.

బేస్ గుమ్ముమనడం వేరే జబ్బు, దానికి ఈ మందు పనిచేయదు. శబ్దం సెకనుకు సుమారు 1,125 అడుగులు పోతుంది. రెండు ఎదురెదురు గోడల మధ్య దూరాన్ని రెట్టింపు చేసి దానితో భాగిస్తే ఆ దూరానికి గది ఏ స్వరంలో ఊగుతుందో తెలుస్తుంది. మీ 20 అడుగుల పొడవుకు 28 హెర్ట్జ్, దాని రెట్టింపు 56. వెడల్పుకు 47. ఎత్తుకు 56. చూశారా, పొడవు ఎత్తుకు సరిగ్గా రెట్టింపు కావడంతో 56 హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. బేస్ గిటార్‌లో ఎ తీగ 55 హెర్ట్జ్. ఆ తీగ మీటినప్పుడల్లా మీ గది కూడా తోడు పాడుతోందన్నమాట. ఈ స్వరాన్ని పీల్చాలంటే అలలో నాలుగో వంతు, అంటే 5 అడుగుల మందం కావాలి. హాల్లో అంత మందం ఎవరూ కట్టలేరు. కాబట్టి దీన్ని ప్రధానంగా స్థానంతో, అంటే స్పీకర్లు ఎక్కడ, మీరు ఎక్కడ అన్నదానితో లొంగదీయాలి. తర్వాతే మిగతావి.

అందుకే నా మొదటి మాట సోఫా గురించి. మన ఇళ్లలో సోఫాను గోడకు ఆనించకపోతే ఇల్లు సర్దనట్టే లెక్క. కానీ గోడ పక్కన బేస్ ఎప్పుడూ ఉబ్బే ఉంటుంది. గది సరిగ్గా మధ్యలో కూర్చుంటే 28 హెర్ట్జ్ మాయమైపోతుంది. వెనక గోడ నుంచి ఏడు, ఏడున్నర అడుగులు ముందుకు తెచ్చి కూర్చుని చూడండి. మీ డిజైనర్‌కు ఇది ఇబ్బందిగా అనిపించనక్కర్లేదు. సోఫా వీపు ఎత్తుకు ఒక సన్నని కన్సోల్ టేబుల్ దాని వెనక ఆనిస్తే, ఆ వెనకంతా పూజగదికి వెళ్లే విశాలమైన నడవా అవుతుంది. పెద్ద విల్లాల్లో ఆర్కిటెక్టులు కావాలనే ఇలా చేస్తారు, చూడ్డానికి కూడా హుందాగా ఉంటుంది.

స్పీకర్ల మధ్య 7 అడుగులు, ముందు గోడ నుంచి 3 అడుగులు, పక్క గోడల నుంచి రెండున్నర. ఈ చివరి రెండు దూరాలు సమానంగా ఉండకూడదు. గోడ నుంచి వెనక్కి తిరిగొచ్చిన అల స్పీకర్ నుంచి నేరుగా వచ్చే అలను ఒక స్వరం దగ్గర తినేస్తుంది, 3 అడుగులకు అది 94 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. పక్క గోడ కూడా అదే దూరంలో ఉంటే రెండు గుంటలూ ఒకేచోట పడి లోతవుతాయి. స్పీకర్లు 3 అడుగులు ముందుకొస్తే హాలు నిండిపోతుందని మీ శ్రీమతి గారు అనడంలో న్యాయం ఉంది. దానికి నేను తరచుగా చేయించే ఏర్పాటు ఒకటుంది. స్పీకర్ పాదాల కింద మేకుల్లాంటి స్పైకులు తీసేసి, టైల్ మీద సులువుగా జారే గట్టి పాదాలు బిగించాలి. మీరు వినేటప్పుడు స్పీకర్లు నిలవాల్సిన చోట నేలలో సన్నని ఇత్తడి పట్టీ పొదిగించాలి. చుట్టాలొచ్చినప్పుడు స్పీకర్లు గోడ దగ్గరకు వెళ్తాయి, మీరు వినేటప్పుడు పట్టీ దాకా వస్తాయి. ఇత్తడి గీత మార్బుల్ గోడతో బాగా కలుస్తుంది కూడా.

ఇక ఆ మార్బుల్ గోడ. అదే దోషి అవుతుందేమోనని మీ అనుమానం. నేనైతే దాన్ని ఉంచేస్తాను. మామూలు స్పీకర్ పెట్టెలోంచి పై స్వరాలు ముందుకే పోతాయి, వెనక గోడకు చేరేది చాలావరకు బేసే. బేస్‌కు మార్బులైనా మామూలు ప్లాస్టరైనా తేడా లేదు. పైగా గోడకు గట్టిగా అతుక్కున్న రాయి కదలదు, మోగదు. నన్ను బాధపెట్టేది టీవీ గోడకు ఫ్రేమ్ కట్టి లోపల బోలుగా వదిలి ప్లైవుడ్ కొట్టే పద్ధతి. అది పెద్ద డోలు చర్మంలా బేస్‌కు తాళం వేస్తుంది. రాయి వెనక సందు లేకుండా నిండుగా అతికించమని మేస్త్రీకి గట్టిగా చెప్పండి. టీవీ అంచు స్పీకర్ల ముందు భాగం కన్నా వెనకే ఉండేలా చూసుకుంటే చాలు.

ఫ్లూటెడ్ ప్యానెళ్ల మీద మాత్రం శబ్దం కోసం ఒక్క రూపాయి పెట్టకండి. గీతలు గీతలుగా ఉండటంతో అవి శబ్దాన్ని చెదరగొడతాయని అమ్మేవాళ్లు చెబుతారు. ఎగుడుదిగుడు శబ్దాన్ని చెదరగొట్టాలంటే ఆ లోతు అలలో నాలుగో వంతుకు దగ్గరగా ఉండాలి. 12 మిల్లీమీటర్ల లోతు సుమారు 7,000 హెర్ట్జ్ పైనే ఏమైనా చేస్తుంది. గాయకుడి గొంతు ముఖ్యమైన భాగమంతా దానికి చాలా కింద ఉంటుంది. అందానికి పెట్టుకుంటే తప్పులేదు. అదే చెక్క పట్టీల ప్యానెల్‌ను, పట్టీల మధ్య నిజంగా సందులు ఉండి వెనక ఫెల్ట్ గుడ్డ ఉన్నదాన్ని, రెండంగుళాల బాటెన్ (చెక్క బద్దె) కొట్టి లోపల రాక్‌వూల్ (రాతి నారతో చేసిన ఊలు పలక) నింపి బిగిస్తే అదే రూపంలో మంచి పనిముట్టు అవుతుంది. దాని స్థానం టీవీ పక్క కాదు, మీ పక్క గోడల మీద శబ్దం మొదట తగిలే చోటు. ఆ చోటు కనిపెట్టడం తేలిక. మీరు వినే స్థానంలో కూర్చోండి, ఇంకొకరు గోడ వెంట అద్దం జరుపుతూ వెళ్లాలి. అద్దంలో మీకు స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అదే చోటు.

మీ హాల్లో అసలు చిక్కు ఇక్కడే ఉంది. కుడివైపు ఆ చోట అద్దం తలుపు ఉంది, ఎడమవైపు అదే చోట ఖాళీ. కుడినుంచి శబ్దం తిరిగొస్తుంది, ఎడమనుంచి రాదు. దీన్ని ఘంటసాల గారి పాత పాటలతో పరీక్షించండి. అవి మోనో రికార్డింగులు, రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం అందుతుంది. గొంతు రెండిటికీ సరిగ్గా నడుమ, గాల్లో ఒక మనిషి నిలబడ్డట్టు రావాలి. మీ గదిలో అది కుడివైపుకు లాగుతూ ఉంటుంది, లేదా ముఖం వెడల్పయినట్టు పరుచుకుని ఉంటుంది. పక్క గోడల ప్రతిధ్వని మీద నిపుణుల్లోనే భిన్నాభిప్రాయాలున్నాయి. కెనడా జాతీయ పరిశోధన మండలిలో దశాబ్దాలు శ్రోతలతో పరీక్షలు చేసిన ఫ్లాయిడ్ టూల్, స్పీకర్ పక్కలకు పంపే శబ్దం కూడా సాఫీగా ఉంటే ఆ ప్రతిధ్వని చాలామందికి నచ్చుతుందని, గది విశాలంగా అనిపిస్తుందని చూపించారు. నా అనుభవమూ అదే. కానీ అది రెండు వైపులా సమానంగా ఉన్న గదుల మాట. మీది ఒంటిరెక్క గది. కుడి అద్దాన్ని అణచి ఎడమ ఖాళీకి జోడీ చేయడమే మీకు దారి.

దానికి కర్టెన్ చాలు, కానీ సరైన కర్టెన్. బరువైన గుడ్డ, తలుపు వెడల్పుకు రెండు నుంచి రెండున్నర రెట్లు ఉండి మడతలు మడతలుగా పడాలి, అద్దానికి ఆరంగుళాలు దూరంగా వేలాడాలి. పగటిపూట వెలుతురు కోసం లోపలి పట్టాలో పల్చటి తెర ఉండనివ్వండి, అది శబ్దానికి ఏమీ చేయదు. డిజైనర్ రెండు పట్టాల పెల్మెట్ (కర్టెన్ పట్టాలను దాచే పెట్టె) వేయాలంటే ఆ ఆరంగుళాలు ఇప్పుడే డ్రాయింగులో చూపాలి.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. కర్టెన్లు, తివాచీలు, కుషన్లు మాత్రమే నింపితే పై స్వరాలు మాత్రమే చస్తాయి, కింది మోత అలాగే ఉంటుంది. అప్పుడు గది మందకొడిగానూ గుమ్ముగానూ రెండు విధాలా చెడుతుంది. మెత్తగా కనిపించేదంతా శబ్దాన్ని పీలుస్తుందనుకోవడం వల్లే ఖరీదైన హాళ్లు ఇలా తయారవుతాయి. రెండంగుళాల రాక్‌వూల్ 500 హెర్ట్జ్ ప్రాంతం నుంచి పైకి, నాలుగంగుళాలది 250 ప్రాంతం నుంచి పైకి బాగా పనిచేస్తాయి. వెనక కాస్త సందు వదిలితే ఇంకొంచెం కిందికి దిగుతుంది. స్పాంజి పిరమిడ్లు వద్దని మీ శ్రీమతి గారు అన్నది శబ్దం లెక్కన కూడా సరైన మాటే. ఇంకో కారణం, ఆ స్పాంజి చురుగ్గా అంటుకుంటుంది. రోజూ దీపం వెలిగే పూజగది పక్కన అలాంటిది ఉండకూడదు. రాక్‌వూల్ మండదు.

మరి ఆ మందం ఎక్కడ దాచాలి? మీ పైకప్పులో. డిజైనర్ ఎలాగూ గది చుట్టూ ఫాల్స్ సీలింగ్ పట్టీ, దాని అంచున ఎల్‌ఈడీ వెలుగు గీశారు కదా. ఆ పట్టీ ఆరు నుంచి ఎనిమిది అంగుళాల లోతుంటుంది, లోపల ఖాళీగా ఉంటుంది. బేస్ ఎక్కువగా పోగుపడేది మూలల్లో. మూల అంటే నేలమీద నిలువుగా ఉండేదే కాదు, గోడ పైకప్పును కలిసే గీతంతా మూలే. మీ అమ్మగారి ఈశాన్యం మూల ఖాళీగానే ఉంటుంది, మీకు మాత్రం గది చుట్టూ 64 అడుగుల మూల దొరుకుతుంది. ఆ పట్టీ అడుగు భాగాన్ని మామూలు జిప్సంతో కాకుండా రంధ్రాల జిప్సం బోర్డుతో, లేదా గుడ్డ పరిచిన చెక్క పట్టీలతో వేయించి లోపల ఘనపు మీటరుకు 48 కిలోల సాంద్రత ఉన్న రాక్‌వూల్ నింపించండి. నూగు రాలకుండా దాన్ని పల్చటి నాన్‌వోవెన్ గుడ్డలో చుట్టాలి. ఎల్‌ఈడీ డ్రైవర్లను ఊలులో పాతకుండా బయట, తీయడానికి వీలుగా పెట్టించాలి. దీనితో 56 హెర్ట్జ్ పూర్తిగా లొంగదు, కానీ 100 పైన ఉన్న మోత బాగా తగ్గుతుంది. నేను చూసినంతలో ఏ ఇంట్లోనూ ఇది కంటికి తెలియలేదు.

సోఫాకు, స్పీకర్లకు మధ్య పైకప్పులో ఆరడుగులు ఎనిమిదడుగుల భాగం కూడా ఇదే రంధ్రాల బోర్డుతో వేయించండి. పెయింటర్‌ను దగ్గరుండి చూసుకోవాలి. స్ప్రే కొడితే రంధ్రాల వెనకున్న పల్చటి పొర మూసుకుపోతుంది, అప్పుడు అది మళ్లీ మామూలు బోర్డే. రోలర్‌తో పల్చగా వేయించాలి. కింద నేలమీద అదే భాగంలో మందపాటి ఉన్ని తివాచీ, దాని కింద ఫెల్ట్ పరవండి. వరంగల్ దరీ అంటే నాకు చాలా ఇష్టం, కానీ ఒక్క నూలు దరీ పలచన. ఫెల్ట్ లేకుండా అది చూపుకే సరిపోతుంది.

వెనక గోడ మీద మీ ఇంటి అందమంతా చూపించవచ్చు. నాలుగంగుళాల చెక్క చట్రాలు, లోపల రాక్‌వూల్, పైన పోచంపల్లి ఇక్కత్ నూలు గుడ్డ. పెయింటింగుల్లా వేలాడతాయి, వాటిలో శబ్దం పరికరం ఉందని చెబితే తప్ప తెలియదు. గుడ్డ ఎంచుకోవడానికి ఒకే పరీక్ష: నోటికి ఆనించి ఊదండి. గాలి సులువుగా అవతలికి పోతే పనికొస్తుంది. చేనేత నూలు చాలావరకు నెగ్గుతుంది. జరీ దట్టంగా ఉన్న పట్టు, వెనక పూత పూసిన సోఫా గుడ్డ నెగ్గవు. కలంకారీ కూడా బాగుంటుంది, దాన్ని అద్దం ఫ్రేములో మాత్రం బిగించకండి. బయటి గోడకు చట్రాన్ని నేరుగా ఆనించకుండా అంగుళం, రెండంగుళాలు వదిలితే వానాకాలం చెమ్మ పట్టదు, శబ్దానికీ మేలే. చట్రాల మధ్య ఖాళీలో పుస్తకాల అర ఉంటే, పుస్తకాలు వరుసగా సర్దకుండా ముందువెనకలుగా ఉంటే, మిగిలిన శబ్దాన్ని అది చెదరగొడుతుంది.

పూజగది తలుపుకు చిన్న చిన్న గంటలున్నాయని రాశారు. బేస్ తగిలినప్పుడు అవి గలగలమంటాయి, తలుపు రెక్కలు చౌకట్టుకు తట్టుకుంటాయి. 20 నుంచి 200 హెర్ట్జ్ దాకా నెమ్మదిగా పైకి వెళ్లే టోన్ పెట్టి ఇల్లంతా నడవండి. క్రాకరీ అల్మరా అద్దం, ఫ్యాన్ కప్పు, స్విచ్ బోర్డు, ఏది మోగుతుందో అన్నీ బయటపడతాయి. తలుపు ఆనే చోట ఫెల్ట్ చుక్కలు, అద్దం గాడిలో సన్నని రబ్బరు చాలు. గంటల విషయం అమ్మగారిని అడిగే చేయండి. గంట లోపలి నాలుక చుట్టూ కాస్త నూలు దారం చుడితే చేత్తో కదిపినప్పుడు మెత్తగా మోగుతుంది, బేస్‌కు మాత్రం పలకదు.

సబ్‌వూఫర్ (బేస్ కోసమే ఉండే స్పీకర్) కొనాలనుకుంటే పెద్దది ఒకటి కాకుండా చిన్నవి రెండు కొనండి. ఆడియో సంస్థ హర్మన్‌లో టాడ్ వెల్టీ చేసిన పరిశోధనలో ఎదురెదురు గోడల మధ్యభాగాల్లో చెరొకటి పెడితే గదిలో బేస్ చాలా సమంగా పరుచుకుంటుందని తేలింది. మీకు ఒకటి టీవీ యూనిట్ కింద, ఇంకొకటి వెనక పుస్తకాల అర కింద ఇమిడిపోతాయి. ఆ తర్వాత డిరాక్ లాంటి గది సవరణ సాఫ్ట్‌వేర్ వాడండి, కానీ అన్నిటికన్నా చివర. అది 56 దగ్గర ఉబ్బును కిందికి నొక్కగలదు. అలలు ఒకదాన్నొకటి తినేసిన చోట గుంటను మాత్రం పూడ్చలేదు, పూడ్చబోతే యాంప్లిఫయర్ వేడెక్కడమే మిగులుతుంది. ఈ ప్యానెళ్లేవీ కింది ఫ్లాటుకు శబ్దం పోకుండా ఆపవన్నది కూడా గుర్తుంచుకోండి. అవి గదిలోపలి శబ్దాన్ని సర్దుతాయంతే, రాత్రి పదింటి తర్వాత వాల్యూమ్ తగ్గించడానికి బదులు కావు.

యాంప్లిఫయర్ మార్చాలన్న ఆలోచన ఉంటే ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఆ డబ్బులో చిన్న భాగంతో ఒక క్యాలిబ్రేటెడ్ మైకు (కొలతల కోసం సరిచూసి ఇచ్చేది) కొనుక్కుంటే, గదిలో శబ్దాన్ని కొలిచే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. ఖాళీ గదిలో ఒకసారి, ఫాల్స్ సీలింగ్ అయ్యాక ఒకసారి, కర్టెన్లు తివాచీ వచ్చాక ఒకసారి కొలవండి. వెనక గోడ చట్రాలు ఎన్ని పెట్టాలో మూడో కొలత చెబుతుంది, అందుకే వాటిని ముందే చేయించకండి.

రేపు డిజైనర్‌తో కూర్చున్నప్పుడు శబ్దశాస్త్రం ఏమీ వివరించనక్కర్లేదు. డ్రాయింగులో ఐదు లోతులు అడగండి: పైకప్పు పట్టీలో ఎనిమిది అంగుళాలు, పెల్మెట్‌లో అద్దం నుంచి ఆరు, పక్క గోడల్లో మిగిలిన చోట చెక్క పట్టీలు పెడితే వాటి వెనక రెండు, వెనక గోడ చట్రాలకు నాలుగూ వాటి వెనక సందుకు ఇంకో రెండు, సోఫా వెనక ఏడడుగులు. రంగులు, రాయి, గుడ్డ అన్నీ మీ శ్రీమతి గారికి వదిలేయండి. జిప్సం వాళ్లు ఫ్రేమ్ కొట్టడం మొదలుపెట్టేలోపు సీలింగ్ డ్రాయింగు ఇక్కడ పెడితే, రంధ్రాల బోర్డు ఎక్కడిదాకా రావాలో గీసి చెబుతాను.